కొత్త క్రౌన్ పినియన్ వేయించాక 50 దాటితే మోత. మళ్ళీ విప్పించాలా?

ఉప్పల్_జీపు
మా నాన్న కొన్న 1988 మోడల్ మహీంద్రా జీపు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. రెండు నెలల కింద వెనక హౌసింగ్‌లో, అంటే వెనక చక్రాల మధ్య గేర్లుండే పెట్టెలో, టకటకమని శబ్దం వస్తే విప్పించాను. క్రౌన్ వీల్ (చక్రాలను తిప్పే పెద్ద గేరు) పళ్ళు రెండు చిట్లి ఉన్నాయి. కొత్త క్రౌన్, దాన్ని తిప్పే చిన్న గేరు పినియన్ కలిసిన సెట్, బేరింగులు నాలుగూ, ఆయిల్ సీల్ అన్నీ రాణిగంజ్‌లో నేనే కొని ఒక గ్యారేజీలో ఇచ్చాను. పేరు వద్దు. పొద్దున ఇస్తే సాయంత్రానికల్లా బండి చేతికి వచ్చింది.

ఇప్పుడు బాధ ఇదీ. 45 దాకా చప్పుడు లేదు. 50 రాగానే గుయ్‌మని మొదలవుతుంది. 60కి వచ్చేసరికి పక్కన కూర్చున్న మనిషితో అరిచి మాట్లాడాలి. యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే ఠక్కున ఆగిపోతుంది, తొక్కితే మళ్ళీ మొదలు. ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ సర్వీస్ రోడ్డు మీద పదిసార్లు అటూ ఇటూ తిప్పి చూశాను, ప్రతిసారీ అంతే.

"కొత్త పళ్ళు కదా, వెయ్యి కిలోమీటర్లు తిరిగితే అవే సర్దుకుంటాయి" అన్నాడు మెకానిక్. 400 తిరిగాయి, ఏమీ తగ్గలేదు. వచ్చే నెల ఇంట్లో పెద్దవాళ్ళతో శ్రీశైలం వెళ్ళాలి. ఘాట్ రోడ్డు మధ్యలో ఆగిపోతే ఏం చేయాలని టెన్షన్. ఇలాగే నడపనా, విప్పించనా?

ఆటోనగర్_చిన్నా
ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు (ఇంజను వైపు నుంచి వెనక్కి వచ్చే కడ్డీ చివరి కీళ్ళు) చూసుకో అన్నా. అరిగిన క్రాసు కూడా ఇలాగే సతాయిస్తుంది.

టైరు_మాట
టైర్లు ఏవి? మట్టి కోసం వేసే పెద్ద బ్లాకుల టైర్లయితే 50 దాటాక ఎలాగూ మోగుతాయి.

ఉప్పల్_జీపు
టైర్లు మామూలువే, రెండేళ్ళుగా అవే ఉన్నాయి. క్రాసులు రెండూ పోయిన ఏడాది మార్చాను, చేత్తో తిప్పి చూస్తే ఆట లేదు. గేర్లు మార్చకముందు టకటక ఉండేది గానీ ఈ గుయ్‌మనే మోత ఎప్పుడూ లేదు.

గేరు_పాఠం
కాలు తీయగానే ఆగిపోతుందన్నారు కదా, సగం సమాధానం అక్కడే ఉంది. టైరు మోత అయితే కాలు తీసినా ఆగదు, సిమెంటు రోడ్డు మీద ఒకలా తారు రోడ్డు మీద ఒకలా వినిపిస్తుంది. చక్రం బేరింగ్ అయితే బండిని కాస్త కుడికీ ఎడమకీ వంచినప్పుడు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. పినియన్ బేరింగులు పోతే తొక్కినా వదిలినా గరగర వదలదు.

క్రౌన్ పన్నుకి రెండు ముఖాలుంటాయి. ఇంజను బండిని లాగుతున్నప్పుడు పినియన్ ఉబ్బెత్తు ముఖం మీద ఆనుతుంది. కాలు తీసినప్పుడు వెనకనున్న గుంట ముఖం మీద ఆనుతుంది. మీ బండి ఒక ముఖం మీదే అరుస్తోంది. అంటే ఆ ముఖాన పళ్ళు తాకవలసిన చోట తాకడం లేదని నా అనుమానం. కాలేజీలో మెషీన్ డిజైన్ చెబుతాను, చేత్తో కట్టిన అనుభవం తక్కువ. చేసినవాళ్ళు కూడా చెప్పాలి.

లారీ_ఇంటివాడు
అంత భయపెట్టకండి మేడమ్. మా నాన్న లారీలకు 25 ఏళ్ళు హౌసింగులు కట్టారు. ఇంట్లో డయల్ గేజ్ (సన్నటి కదలిక కొలిచే ముల్లు మీటరు) అన్నదే లేదు. చేత్తో క్రౌన్‌ని ఊపి ప్లే (పళ్ళ మధ్య సందు) ఎంతుందో చెప్పేసేవారు, అటూ ఇటూ ఉన్న పెద్ద నట్లు తిప్పి సరిచేసేవారు. ఏ బండీ తిరిగి రాలేదు. కొత్త సెట్ మొదట్లో కొంచెం మోగడం మామూలే. ఇంకో 600 తిప్పి చూడమనండి.

కొండదారి
నా మాట వింటే ఎలాగూ విప్పుతావు కాబట్టి రేషియో మార్చెయ్. పాత జీపుకి వచ్చేది 43 పళ్ళ క్రౌన్, 8 పళ్ళ పినియన్. అంటే 5.38. 60 మీద ఇంజను దగ్గర దగ్గర 2400 తిరుగుతుంది. 39కి 8 సెట్ వేస్తే 4.88, అదే వేగానికి 2200 దాటదు. హైవే మీద ప్రాణం హాయిగా ఉంటుంది.

లేత్_బాలానగర్
@కొండదారి, ఆ జీపు నాలుగు చక్రాలూ లాగేది. వెనక 4.88 వేసి ముందు 5.38 ఉంచితే ఫోర్‌వీల్ వేసిన రోజు గట్టి రోడ్డు మీద ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకు బలం పంచే పెట్టె) బిగుసుకుపోతుంది. మారిస్తే రెండు హౌసింగులూ మార్చాలి. ఉన్న రోగం తగ్గించుకోవడానికి వచ్చినవాడికి రెండో రోగం అంటించవద్దు.

ఇక అసలు సంగతి. "తిరిగితే అవే సర్దుకుంటాయి" అన్న మాట నేను 30 ఏళ్ళుగా వింటున్నాను, సర్దుకున్న సెట్‌ను మాత్రం ఒక్కటీ చూడలేదు. పంటికి పైపొర మాత్రమే గట్టిగా కాల్చి ఉంటుంది, లోపల ఇనుము మెత్తన. తప్పుచోట తాకే పన్ను ఎంత తిరిగినా ఆ తప్పుచోటే అరుగుతుంది. బరువంతా సన్నటి గీత మీద పడి పైపొర పెచ్చులుగా లేస్తుంది. అప్పుడు మోత తగ్గినట్టు అనిపించినా సెట్ మాత్రం పోయినట్టే.

లారీ తమ్ముడు చెప్పింది అబద్ధం కాదు. లారీ హౌసింగ్‌లో గేర్ల ముద్ద మొత్తం ముందు నుంచి ఊడి బల్ల మీదకి వస్తుంది. రెండు పక్కల నట్లు తిప్పితే క్రౌన్ జరుగుతుంది. కళ్ళ ముందు పెట్టుకుని పది నిమిషాల్లో సరిచేయవచ్చు. ఈ పాత జీపు యాక్సిల్ అలా కాదు. వెనక మూత తీస్తే గేర్లు కనిపిస్తాయి గానీ ప్రతి సర్దుబాటూ షిమ్ములతోనే, అంటే సన్నటి రేకు బిళ్ళలతోనే. ఒక్కో మార్పుకీ బేరింగ్ లాగాలి, షిమ్ము మార్చాలి, మళ్ళీ దింపాలి. సాయంత్రానికల్లా అయిపోయింది అన్నప్పుడే నాకు అనుమానం వచ్చింది.

ఉప్పల్ తమ్మీ, మూడు ప్రశ్నలు. మూసే ముందు పళ్ళకి రంగు పూసి చూశారా? ప్లే ఎంత ఉంది? పాత షిమ్ములే వేశారా, కొత్తవా?

నారాయణగూడ_నైట్
మాస్టారు వచ్చేశారు. చాయ్ తెచ్చుకుని కూర్చుంటున్నా.

ఉప్పల్_జీపు
మాస్టారూ, రంగు పూయడం నేను చూడలేదు. మధ్యాహ్నం వెళ్ళేసరికి హౌసింగ్ మూసేసి ఉంది. షిమ్ములు మాత్రం పాతవే అని వాళ్ళే చెప్పారు, "ఒరిజినల్‌వి కదా, అవే కరెక్టు" అని.

ప్లే పోయిన ఆదివారం స్నేహితుడి డయల్ గేజ్‌తో చూశాం. ఆయిల్ దింపి, మూత తీసి, పినియన్ కదలకుండా పట్టుకుని క్రౌన్‌ని ఊపాం. నాలుగు చోట్ల చూస్తే 0.19, 0.20, 0.20, 0.21 మిల్లీమీటర్లు. సాధారణంగా 0.15 నుంచి 0.25 మధ్య ఉండాలంటారు కదా. లెక్క ప్రకారం బాగానే ఉంది. అదే నాకు అర్థం కావడం లేదు.

లారీ_ఇంటివాడు
చూశారా, ప్లే కరెక్టుగానే ఉంది. ఇక విప్పాల్సిన పనేముంది?

లేత్_బాలానగర్
అందరూ పప్పులో కాలేసేది ఇక్కడే. ప్లే ఒక్కటే చూసి మూసేస్తారు.

హౌసింగ్‌లో కదిలేవి రెండు. క్రౌన్ కుడికీ ఎడమకీ జరుగుతుంది. పినియన్ లోపలికీ బయటికీ జరుగుతుంది. ప్లే అనేది ఈ రెండూ కలిసి ఇచ్చే లెక్క. పినియన్ ఉండాల్సిన దానికన్నా బయటికి ఉందనుకో. క్రౌన్‌ని దాని వైపు కాస్త నెట్టేస్తే డయల్ మీద 0.20 వచ్చేస్తుంది. ముల్లు చూసి సంబరపడతాం. కానీ పినియన్ లోతు తప్పే. పన్ను పన్నుకి తాకే చోటు పైకి, తల అంచుకి పోయి ఉంటుంది. డయల్ అది చెప్పదు. రంగు ఒక్కటే చెబుతుంది.

పినియన్ లోతు, పినియన్ బేరింగుల బిగువు, ప్లే, క్రౌన్ పక్క బేరింగుల బిగువు. నాలుగూ ఇదే వరసలో రావాలి. మొదటిది తప్పితే తర్వాత మూడూ ఎంత శ్రద్ధగా చేసినా దండగే.

రాణిగంజ్_బేరింగ్
నేను కౌంటర్ మీద ఉంటాను, రోజూ ఈ సెట్లు అమ్ముతాం. క్రౌన్, పినియన్ ఫ్యాక్టరీలో ఒకదానితో ఒకటి కలిపి తిప్పి అరగదీసిన జత. రెండింటి మీదా ఒకే జత నంబరు ఉంటుంది. ఈ సెట్ క్రౌన్‌కి ఆ సెట్ పినియన్ వేయకూడదు. దానితోపాటు చాలా సెట్లలో పినియన్ తల మీద ఇంకో చిన్న అంకె గీసి ఉంటుంది, ప్లస్ గానీ మైనస్ గానీ. కరెంటు పెన్నుతో గీస్తారు, గజిబిజిగా ఉంటుంది, చాలామంది చూడరు. పాత పినియన్ ఉందా? కొత్తదాని ఫొటో ఏమైనా తీశావా?

ఉప్పల్_జీపు
పాతది గోనె సంచిలో మేడ మీద ఉంది. ఇప్పుడే కిరోసిన్‌తో కడిగి చూశాను. తల మీద +2.

కొత్తది కొన్నరోజు వారంటీ కోసం ఫోన్‌లో ఫొటో తీసుకున్నాను. పెద్దది చేసి చూస్తే -3 అని ఉంది. ఇన్నాళ్ళూ అది ఇన్‌స్పెక్టర్ గుర్తు అనుకున్నాను.

రాణిగంజ్_బేరింగ్
దొరికింది దొంగ.

లేత్_బాలానగర్
ఇక విప్పు తమ్మీ. సందేహం లేదు.

ఈ స్పైసర్ తరహా యాక్సిల్‌లో ఆ అంకె థౌ లెక్క, అంగుళంలో వెయ్యో వంతు. ప్లస్ ఉంటే మామూలు షిమ్ము మందం నుంచి అంత తీసేయాలి. మైనస్ ఉంటే అంత కలపాలి. పాత పినియన్ +2 కాబట్టి కంపెనీలో 2 థౌ తగ్గించి షిమ్ము పెట్టారు. కొత్తది -3 కాబట్టి 3 థౌ పెంచాలి. పాత షిమ్ముల మీద మొత్తం 5 థౌ కలపాలి. అంటే 0.127 మిల్లీమీటర్లు. మీవాళ్ళు పాత షిమ్ములే వేశారు. నీ పినియన్ 5 థౌ బయటికి ఉంది. లెక్క ఇది. కానీ లెక్క నమ్మి మూయొద్దు. లెక్క మొదటి అడుగు మాత్రమే, చివరి మాట రంగుదే.

గేరు_పాఠం
చదువుకునే పిల్లల కోసం నేనూ ఒకటి రాస్తాను. ఇవి హైపాయిడ్ గేర్లు. పినియన్ నడిమి గీత క్రౌన్ నడిమి గీతకు సూటిగా ఉండదు, కిందకి దిగి ఉంటుంది. 1926లో ప్యాకార్డ్ కార్లలో మొదట వాడారు. షాఫ్ట్ కిందకి దిగితే బండి లోపలి నేల ఎత్తు తగ్గించవచ్చు, పినియన్ కూడా పెద్దదిగా, గట్టిగా చేసుకోవచ్చు. దానికి బదులుగా పళ్ళు ఒకదాని మీద ఒకటి దొర్లడమే కాకుండా పొడవునా జారతాయి. అందుకే లోతు కొంచెం తప్పినా మోత, వేడి. మామూలు ఆయిల్ కూడా అందుకే చాలదు.

ఇంకో ముచ్చట. 43కీ 8కీ ఉమ్మడి భాజకం లేదు. ఒకే పళ్ళ జత మళ్ళీ కలవాలంటే క్రౌన్ ఎనిమిది చుట్లు తిరగాలి. ఈలోపు పినియన్ మీది ప్రతి పన్నూ క్రౌన్ మీది ప్రతి పన్నునూ తాకి వస్తుంది. అరుగుదల ఒక్కచోట పోగవకుండా సమంగా పంచడానికే అలా ఎంచుతారు.

నారాయణగూడ_నైట్
43, 8 వెనక ఇంత కథ ఉందా! గేరు లెక్కలు చూసినా ఇది ఎప్పుడూ తట్టలేదు మేడమ్.

పికప్_రవాణా
సందర్భం వచ్చింది కాబట్టి నా గోడు కూడా. మా పికప్‌కి పినియన్ దగ్గర ఆయిల్ కారుతోందని సీల్ మార్పించాను. చిన్న పనే. కుర్రాడు నట్టు ఎంత తిరిగి ఉందో గుర్తు పెట్టుకోకుండా గాలి గన్‌తో ఊడదీశాడు, అదే గన్‌తో బిగించాడు. లోపల క్రష్ స్లీవ్ (బేరింగుల మధ్య నలిగి బిగువు ఇచ్చే గొట్టం) ఉంది. అది ఒకసారి నలిగితే మళ్ళీ సాగదు. ఎక్కువ నలిగేసరికి బేరింగులు బిగుసుకుపోయాయి. సూర్యాపేట దాటేసరికి హౌసింగ్ ముక్కు మీద నీళ్ళు పోస్తే చుయ్‌మన్నాయి. రెండు బేరింగులూ నీలం రంగుకి తిరిగాయి. సరుకు వేరే బండికి మార్చి బండిని లాక్కొచ్చాను.

అసలు సీల్ పాడే కాలేదని తర్వాత తెలిసింది. హౌసింగ్ మీద గాలి వదిలే చిన్న బ్రీదర్ మట్టితో పూడుకుపోయింది. లోపలి వేడికి ఒత్తిడి పెరిగి ఆయిల్ సీల్‌ని తోసుకుని వచ్చింది. సీల్ కారితే ముందు బ్రీదర్ చూడండి, దండం పెడతాను.

ఆటోనగర్_చిన్నా
బ్రీదర్ మాట నూటికి నూరుపాళ్ళు నిజం.

ఉప్పల్_జీపు
@పికప్_రవాణా, జీపులో కూడా క్రష్ స్లీవ్ ఉంటుందా?

లేత్_బాలానగర్
ఈ పాత యాక్సిల్‌లో ఉండదు, బిగువు కూడా షిమ్ములతోనే. అందుకే ఒక మెలిక ఉంది, రాసిపెట్టుకో. లోతు షిమ్ములు లోపలి బేరింగ్ కప్పు (బయటి రింగు) వెనక కూర్చుంటాయి. అక్కడ 5 థౌ కలిపితే కప్పు అంత క్రౌన్ వైపు జరుగుతుంది, రెండు కప్పుల మధ్య దూరం పెరుగుతుంది. బిగువు షిమ్ములు ముట్టుకోకుండా నట్టు బిగిస్తే బేరింగులు పట్టేస్తాయి. అక్కడా అదే 5 థౌ కలపాలి. కలిపి, మళ్ళీ కొలవాలి.

ఆదివారం నేను షెడ్డులోనే ఉంటాను. హౌసింగ్ దింపి తీసుకురా. పాత బేరింగులు పారేయకు, అవి కావాలి.

లారీ_ఇంటివాడు
రంగు అంటే ఏం రంగు మాస్టారూ? ప్రష్యన్ బ్లూనా?

లేత్_బాలానగర్
ప్రష్యన్ బ్లూ ఫిట్టింగ్ పనికి మంచిది. ఆయిల్ తడిసిన పళ్ళ మీద నీలం నాకు సరిగ్గా కనపడదు. గేర్లకనే అమ్మే పసుపు పేస్టు మేలు. అది దొరక్కపోతే బొమ్మలు వేసే పసుపు ఆయిల్ కలర్ ట్యూబు, స్టేషనరీ దుకాణంలో ఉంటుంది, రెండు చుక్కల గేర్ ఆయిల్‌తో కలిపి వాడతాను. పూర్వం సిందూరం, అదే రెడ్ లెడ్, ఆయిల్‌లో రంగరించి పూసేవాళ్ళు. అది సీసం, విషం. చేతులతో ముట్టుకోవద్దు.

ఉప్పల్_జీపు
నిన్న మాస్టారి షెడ్డుకి వెళ్ళి వచ్చాను. పొద్దున ఎనిమిదికి మొదలుపెడితే లేచేసరికి రాత్రి ఏడు. చూసింది చూసినట్టు రాస్తాను, నాలాంటివాళ్ళకి పనికొస్తుంది.

ముందు ఏమీ విప్పకుండా ఉన్నది ఉన్నట్టే రంగు పూశారు. క్రౌన్ మీద రెండు చోట్ల, నాలుగేసి పళ్ళకి, బ్రష్‌తో పల్చగా. నన్ను క్రౌన్ వెనక చెక్క ముక్క ఆనించి అదిమి పట్టుకోమన్నారు, బ్రేకు వేసినట్టు. ఆయన పినియన్‌ని రింగ్ స్పానర్‌తో తిప్పారు. అలా బరువు పడితేనే అచ్చు తేటగా పడుతుందట, ఊరికే తిప్పితే మసకగా వస్తుంది. తర్వాత టార్చి వేసి చూపించారు. ఉబ్బెత్తు ముఖం మీద పసుపంతా పోయి ఇనుము మెరుస్తున్న చోటు పంటి మధ్యలో ఉండాలి. మా దాంట్లో తల అంచునే, బయటి చివర వైపుకి, బియ్యపు గింజ అంత వెడల్పున సన్నటి గీత. ఆ గీత మీద వేలితో రాస్తే గరుకు తగిలింది. 400 కిలోమీటర్లకే.

"ఇంకో 600 తిప్పి ఉంటే ఇది పెచ్చు లేచేది" అన్నారు మాస్టారు. ఇంకేమీ అనలేదు.

క్రౌన్ దింపే ముందు బేరింగ్ టోపీల మీద పంచ్‌తో గుర్తులు పెట్టారు. ఎడమ దానికి ఒక చుక్క, కుడి దానికి రెండు. అవి హౌసింగ్‌తో కలిపి బోరు చేసినవి, అటుది ఇటు వేయకూడదు.

తర్వాత పాత బేరింగ్ ఎందుకు తెమ్మన్నారో అర్థమైంది. పాత లోపలి బేరింగ్ రంధ్రాన్ని ఎమరీతో కొద్దిగా రుద్ది, పినియన్ మీదకి చేత్తో జారేలా చేశారు. కొలతలు కుదిరేదాకా అదే వేసి తీశారు. కొత్త బేరింగ్‌ని ప్రతిసారీ ప్రెస్సుతో ఎక్కించి లాగితే అది అక్కడే పాడయ్యేది.

కప్పుని ఇత్తడి కడ్డీతో తట్టి ఊడదీసి, పాత షిమ్ములు తుడిచి మైక్రోమీటర్ పెట్టి కొలిచి, 5 థౌ షిమ్ము కలిపారు. బయట బిగువు షిమ్ముల దగ్గర కూడా 5. సీల్ వేయకముందే బిగువు చూశారు. ఫ్లాంజికి (పినియన్ బయటి చివరనుండే బిళ్ళకి) నూలు తాడు చుట్టి, సంతలో కూరగాయలు తూచే స్ప్రింగు కాటా కొక్కెం తగిలించి మెల్లగా లాగారు. ఫ్లాంజి నడిమి నుంచి తాడుకి 5 సెంటీమీటర్లు. కాటా మీద 4 కిలోల దగ్గర పినియన్ ఒకే తీరుగా తిరిగింది. 20 కేజీ-సెంటీమీటర్లు, కొత్త బేరింగులకు సరిపోతుందన్నారు. పాత బేరింగులే తిరిగి వేస్తే అందులో సగం చాలట.

క్రౌన్ మళ్ళీ దింపితే ప్లే 0.18 వచ్చింది. పినియన్ 0.127 లోపలికి వెళ్ళినా ప్లే 0.02 మాత్రమే తగ్గింది. అంటే ఇన్నాళ్ళూ నేను చూసి ధైర్యం తెచ్చుకున్న 0.20 పినియన్ గురించి నాకు దాదాపు ఏమీ చెప్పలేదు. మళ్ళీ రంగు. ఈసారి అచ్చు పంటి ఎత్తుకి నడుమకి దిగింది, పొడవులో లోపలి చివర వైపు కాస్త జరిగి ఉంది. వెనక ముఖం మీద కూడా మధ్యలోనే. మాస్టారు రెండు నిమిషాలు మాట్లాడకుండా టార్చి తిప్పి తిప్పి చూసి, "మూసేద్దాం" అన్నారు.

గేరు_పాఠం
చాలా బాగా రాశారు. లోపలి చివర వైపు కాస్త జరిగి ఉండటం నష్టం కాదు. బరువు పడినప్పుడు గేర్లు కొద్దిగా వంగి అచ్చు బయటి చివర వైపుకి పాకుతుంది. ఘాట్ ఎక్కేటప్పుడు అది సరిగ్గా మధ్యకి వస్తుంది.

కొండదారి
ఒకవేళ ప్లే ఎక్కువ వచ్చి ఉంటే ఏం చేసేవారు?

లేత్_బాలానగర్
పక్క షిమ్ములు ఒక వైపు తీసి రెండో వైపు వేస్తాం. మొత్తం మందం మారకూడదు, మారితే పక్క బేరింగుల బిగువు పోతుంది. క్రౌన్‌ని 0.10 జరిపితే ప్లే దగ్గర దగ్గర 0.07 మారుతుంది. అది గుర్తుంటే మూడుసార్లు విప్పాల్సింది ఒక్కసారితో పోతుంది. ఇక పక్క బేరింగులతో కలిపి క్రౌన్ హౌసింగ్‌లోకి చేత్తో జారిపోతే బిగువు లేనట్టే. రబ్బరు సుత్తితో తట్టి దింపాల్సి రావాలి.

లారీ_ఇంటివాడు
నిన్న రాత్రి ఈ చర్చంతా నాన్నకి చదివి వినిపించాను. మధ్యలో ఆపి, "నేను సిందూరం పూయకుండా ఏ రోజైనా హౌసింగ్ మూశానురా?" అన్నారు. నేను చిన్నవాణ్ణి, ఆయన చేత్తో క్రౌన్ ఊపడమే నాకు గుర్తుంది. ఎర్రటి డబ్బా ఒకటి ఉండేది, దాన్ని అమ్మ మమ్మల్ని ముట్టుకోనిచ్చేది కాదు. అది సిందూరమని ఇప్పుడు తెలిసింది. ప్లే చేత్తో చూసేవారట, ఫ్యూజు తీగ పళ్ళ మధ్య నలిపి మందం చూసుకునేవారట. కానీ చివర్లో అచ్చు చూడకుండా బండి ఇచ్చేవారు కాదట. నేను ఇంకో 600 తిప్పమన్నది తప్పు సలహా. ఉప్పల్ అన్నా, ఏమీ అనుకోకు.

ఉప్పల్_జీపు
అయ్యో, అందులో ఏముంది తమ్ముడూ. మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు.

రాణిగంజ్_బేరింగ్
ఆయిల్ ఏం పోశారు?

ఉప్పల్_జీపు
80డబ్ల్యూ-90, జీఎల్-5. లెవెల్ రంధ్రం అంచుకి వచ్చేదాకా. గ్యారేజీవాళ్ళు గేర్‌బాక్స్‌లో పోసిందే ఇందులోనూ పోశారు, డబ్బా మీద జీఎల్-4 అని ఉంది.

ఆటోనగర్_చిన్నా
రెండింటికీ ఒకటే 90 నంబరు కదా?

గేరు_పాఠం
90 అనేది చిక్కదనం మాత్రమే. జీఎల్-5లో గంధకం, భాస్వరం కలిసిన మందు ఎక్కువ పాళ్ళలో ఉంటుంది. హైపాయిడ్ పళ్ళు జారేటప్పుడు అది ఇనుము మీద పొరలా ఏర్పడి రెండు లోహాలు అతుక్కోకుండా కాపాడుతుంది. అదే మందు కొన్ని గేర్‌బాక్సుల్లో సింక్రో రింగుల ఇత్తడిని తినేస్తుంది. కాబట్టి హౌసింగ్‌కి జీఎల్-5, గేర్‌బాక్స్‌కి ఆ బండి పుస్తకంలో ఏది రాసి ఉంటే అది.

లేత్_బాలానగర్
తమ్మీ, మొదటి రోజు 25, 30 కిలోమీటర్లు మెల్లగా తిప్పి అరగంట ఆపు, పూర్తిగా చల్లారనీ. అలా రెండు మూడుసార్లు. 800 కిలోమీటర్ల దాకా బరువు వద్దు, దేన్నీ లాగొద్దు. తర్వాత ఆయిల్ మార్చెయ్. కొత్త గేర్లకి మొదటి వేడి చాలా ఎక్కువ, అప్పుడు తొందరపడితే పైపొర మెత్తబడుతుంది.

ఉప్పల్_జీపు
చెప్పడం ఆలస్యమైంది. మాస్టారు చెప్పినట్టే తిప్పాను. అనంతగిరి వైపు రెండుసార్లు, యాదగిరిగుట్ట ఒకసారి, మిగతాది ఊళ్ళోనే. 50, 60, 70 ఎక్కడా మోత లేదు. మొదటి రోజు 60లో ఇంజను చప్పుడు, గాలి చప్పుడు విడివిడిగా వినిపిస్తుంటే బండి పక్కన ఆపి కాసేపు కూర్చుండిపోయాను. నాన్న నడిపినప్పుడు ఈ బండి ఇలాగే ఉండేది.

820 దగ్గర ఆయిల్ దింపాను. అడుగున ప్లగ్గు అయస్కాంతానికి బూడిద రంగు ముద్ద అంటుకుని ఉంది, వేళ్ళ మధ్య నలిపితే మెత్తగా గంధంలా ఉంది. పలుకులు ఏమీ లేవు. ఫొటో మాస్టారికి పంపితే మామూలే అన్నారు. పోయిన శనివారం అయిదుగురం శ్రీశైలం వెళ్ళి వచ్చాం. పైకెక్కాక హౌసింగ్ మీద చెయ్యి పెట్టి చూశాను. వేడిగా ఉంది గానీ చెయ్యి కాసేపు నిలిచింది.

పికప్_రవాణా
చదువుతుంటే కడుపు నిండింది.

లేత్_బాలానగర్
సంతోషం. మూత లోపలి వైపు షిమ్ముల మందాలు, ప్లే, తేదీ పంచ్‌తో కొట్టి పెట్టాను, నీకు చెప్పలేదు. ఇంకో 20 ఏళ్ళకి ఎవరు విప్పినా వాళ్ళకి దారి దొరుకుతుంది.

లారీ_ఇంటివాడు
ఉప్పల్ అన్నా, ఆ ఎమరీ రుద్దిన పాత బేరింగ్ నీ దగ్గరే ఉందా? మా బాబాయి జీపు కూడా అదే యాక్సిల్, ముందు హౌసింగ్ విప్పుతున్నాం. నాన్న కూడా వచ్చి కూర్చుంటానన్నారు.

ఉప్పల్_జీపు
ఉంది. ముందు దాని నంబరు కూడా అదేనో కాదో బేరింగ్ మీద చూసి చెప్పు. అదే అయితే ఆదివారం పొద్దున్నే ఉప్పల్ మెట్రో స్టేషన్ దగ్గరికి వచ్చి ఫోన్ చెయ్, నేనే తెచ్చిస్తాను. స్ప్రింగు కాటా కూడా తెస్తాను.